అక్క తోటలో తీసిన కొలతలు

మార్చి 6

అక్క ఒప్పుకుంది. విషయం పూర్తిగా చెప్పకముందే ఒప్పుకుంది. ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఉంటే నాకు కాస్త నిశ్చింతగా ఉండేది.

మా పరిశోధన కేంద్రంలో నా మడులున్న చోట కొత్త భవనానికి పునాదులు తవ్వేశారు. ఒక్క మాట ముందుగా చెప్పినవాళ్ళు లేరు. మూడేళ్ళుగా నేను కొలుస్తున్నది ఒక్కటే: నేలలో తడి మారితే నేల ఊపిరి ఎలా మారుతుంది, దాన్నిబట్టి వేళ్ళు ఎలా సాగుతాయి. ఈ వేసవి కొలతలు లేకపోతే ఆ మూడేళ్ళూ గంగలో కలిసినట్టే. మే నెలలో కమిటీ ముందు చూపించాలి. అక్కకి మూడు వందల పన్నెండు నిమ్మచెట్లున్నాయి, డ్రిప్పు ఉంది, నామీద నమ్మకం ఉంది. ఇంకేం కావాలి.

పలుగు బాబాయి మాత్రం నసిగాడు. పరికరాలన్నీ ఆయన చేతిమీదే ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటాడని అందరూ పలుగు అంటారు, బాబాయి అని తగిలించింది నేను. తడి కొలిచే మీటరు మన ఇసుక నేలకి సరిచేసి ఉందనీ, అక్కగారిది నల్లరేగడి కాబట్టి అక్కడి మట్టి తెచ్చి, తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూచి, లెక్క సరిచూసుకుందామనీ అన్నాడు.

"వారం పని, తల్లీ."

వారం ఎక్కడుంది. తేడా ఉన్నా వెంట్రుకవాసి ఉంటుంది, తర్వాత చూద్దాం బాబాయ్ అన్నాను. ఆయన రెండోసారి చెప్పే మనిషి కాదు.

మార్చి 14

బాబాయి వచ్చి మీటరు అమర్చాడు, ఇద్దరం గొట్టాలు దింపాం. జానెడు వెడల్పున్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, నాలుగు వరసల్లో ఇరవై. వాటిమీద మూత పెట్టి రెండు నిమిషాలుంచితే నేలలోంచి ఎంత గాలి వదులుతోందో యంత్రం చెబుతుంది.

నేలకి ముక్కెక్కడుందే చిట్టీ అని అక్క నవ్వింది. వేళ్ళు, పురుగులు, కంటికి కనపడని జీవులు, అన్నీ ఊపిరి పీల్చి వదులుతాయని చెప్పాను. మరీ ఎండితే వాటికి ఓపికుండదు, ఊపిరి తగ్గుతుంది. మరీ తడిస్తే మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరతాయి, అప్పుడూ తగ్గుతుంది. మధ్యలో ఎక్కడో బాగుంటుంది. పుల్ల తీసుకుని మట్టిమీద గీశాను, గూనిలాగా ఎక్కి దిగే గీత. బావ చేతులు వెనక్కి కట్టుకుని ఆ గీతని చాలాసేపు చూశాడు. బడిలో లెక్కల మాస్టారు, గీత కనపడితే కదలడు. తోట మాత్రం మొత్తం అక్కదే. తొమ్మిదేళ్ళ కిందట అంట్లు తెచ్చి నాటింది. మొదటి రెండు వేసవులూ బిందెలతో మోసి పోసింది.

రోజూ కొలతలు తీసి ఫోన్లో చెప్పడానికి అక్క, రాయడానికి బావ. వాళ్ళ ఊరికి బస్సులో మూడు గంటలు. వారానికోసారి నేను వెళ్తాను.

మార్చి 30

2.6. ముచ్చటైన అంకె. నేల హాయిగా ఊపిరి పీలుస్తోంది.

ఈ వారం వెళ్ళలేకపోయాను. కమిటీకి చూపించే బొమ్మలు తయారు చేయాలి.

ఏప్రిల్ 11

ఊపిరి 1.7కి దిగింది. మీటరులో తడి 24. నేల ఎండుతోంది, ఎండలు అలా ఉన్నాయి మరి. డ్రిప్పు ఇంకో గంట వదలమన్నాను.

నా ప్రయోగం నాలుగు వరసలకే. మిగతా వరసలకి ఎలా పెట్టమంటావని అక్క అడిగింది. తోటంతా ఇలాగే పెట్టు, చెట్లకి మంచిదే అన్నాను. అలా అనకపోయినా నా పని నడిచేది. నా మాటమీద తోటంతా నడుస్తుంటే కాస్త గర్వంగా అనిపించింది. ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 12

ఓవెన్ ఈ వారమంతా ఖాళీగానే ఉంది.

ఏప్రిల్ 20

ఆకులు వాలుతున్నాయని అక్క ఫోన్ చేసింది. ఎండిన నేలలో ఆకులు వాలకపోతే ఏం చేస్తాయి. ఇంకో గంట పెంచమన్నాను.

పాదుల్లో ఏదో పులిసిన వాసన వస్తోందని కూడా అంది. చెట్ల కింద పరిచిన ఎండుగడ్డి కుళ్ళుతోందేమో, అది మంచి ఎరువే అని చెప్పాను. తనకి నమ్మకం కుదిరినట్టు లేదు. గడ్డి వాసన నాకు తెలీదా అంది. ఆ వెంటనే, సరేలే, నువ్వు చెప్పావుగా అంది.

ఏప్రిల్ 28

1.1.

మీటరు 25. రోజుకి మూడు గంటలు నీళ్ళు పోతున్నా 25 దాటడం లేదంటే ఆ నల్లరేగడి ఎంత తాగుతోందో. ఈ మాట నివేదికలో రాయాలి. గీతమీద చుక్క పెట్టాను, ఎడమ వైపు, ఎండు వైపు.

మే 3

ఇవాళ ఫోన్లో అక్క కాదు, బావ. అంకెలు చదివేసి, ఒక సందేహం అన్నాడు.

"మరదలా, నీ గీత రెండు వైపులా దిగుతుందిగా. ఊపిరి 1 అన్నావంటే ఎడమ పక్క ఒక చోటుంటుంది, కుడి పక్క ఇంకో చోటుంటుంది. మనం ఏ పక్కనున్నామో ఎలా తెలుస్తుంది?"

"మీటరు చెబుతుంది బావా."

"మరి మీటరుకి ఎవరు చెబుతారు?"

నవ్వేశాను. బావ మాటలు ఎప్పుడూ అంతే. ఎనిమిదో తరగతి పిల్లల్ని తిప్పలు పెట్టే అలవాటు. కమిటీ అయ్యాక వచ్చి చూస్తానని చెప్పి పెట్టేశాను.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వదల్లేదు. పాత పుస్తకంలో ఇసుక నేల లెక్క తీసి చూశాను. లెక్క బాగానే ఉంది. ఇసుక నేలకి.

మే 10

కమిటీ మెచ్చుకుంది. రైతు పొలంలోనే కొలతలు తీయడం చాలా గొప్ప ఆలోచన అన్నారు. పెద్దసారు, అంటే మా డైరెక్టరు, భుజం తట్టాడు. టీ తాగుతూ అక్క ఫోన్ రెండుసార్లు కట్ చేశాను.

మే 15

వెళ్ళాను. బాబాయిని తీసుకునే వెళ్ళాను.

గేటు దగ్గరే తెలిసిపోయింది. ఆకులు ఈనెల వెంట పసుపు తిరిగి, దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. కిందంతా పిందెలు రాలి ఉన్నాయి. అక్క ముందు మంచినీళ్ళిచ్చింది. ఎండ దెబ్బ తగిలేలా ఉన్నావు, కొంగు కప్పుకో అంది.

మూడో వరసలో ఒక చెట్టు దగ్గర బాబాయి తవ్వాడు. పైన నాలుగు వేళ్ళ మందాన మట్టి పెచ్చులా ఎండి ఉంది. దాని కింద పార దిగిన చప్పుడే వేరు, పిండిలోకి దిగినట్టు మెత్తగా. వాసన గుప్పుమంది. మురిగిన గుడ్డు వాసన. అక్క నెల రోజులుగా చెబుతున్న వాసన. దానికి నేను ఎండుగడ్డి అని పేరు పెట్టాను.

పీచువేళ్ళు తెల్లగా ఉండాలి. నల్లగా ఉన్నాయి. ఒక వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగాను. పైతోలు తొడుగులా ఊడి నా చేతిలోకి వచ్చింది, లోపల దారం లాంటి ఈనె మిగిలింది. ఇంకోటి లాగాను. అదీ అంతే. అలా ఎన్ని లాగానో తెలీదు, చాలమ్మా అని బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

గాలందక చచ్చిన వేరు నీళ్ళు తాగలేదు. అందుకే ఆకులు దాహంతో వాలాయి. నడుముల్లోతు నీళ్ళలో నిలబెట్టి గొంతెండేలా చేశాను. దాహమని వాలిన కొద్దీ ఇంకా పోయమన్నాను.

ఏమైందే అని అక్క అడిగింది.

తెగులులా ఉందక్కా, వేరుకుళ్ళు అన్నాను. నీళ్ళు ఆపెయ్, కేంద్రంలో పరీక్ష చేయించి చెబుతాను అన్నాను. బాబాయి నా వైపు చూశాడు. తర్వాత పార కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళాడు.

వేరుకుళ్ళు నిజమే. అబద్ధం చెప్పలేదు.

మే 17

బాబాయి తెచ్చిన మట్టి ఇరవైనాలుగు గంటలు ఓవెన్‌లో ఉంది. తూచి, లెక్క వేశాం. మీటరు 26 అన్నచోట అసలు తడి 43.

ఇరవైనాలుగు గంటలు. నాకు దొరకని వారం ఇది.

బాబాయి కాగితం నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను చెప్పాను కదా అని ఒక్క మాట అని ఉంటే తేలికయ్యేది.

మే 19

అక్కకి మందు పేరు చెప్పాను. నీళ్ళలో కలిపి ఒక్కో పాదులో పోయమన్నాను.

తెగులు అన్నాక మందు చెప్పకుండా ఎలా ఉంటాను.

మే 26

పెద్దసారు పిలిచి తలుపు వేశాడు. రైతు నష్టపోయింది కాబట్టి నివేదికలో కారణం చూపించాలన్నాడు. "మీటరు అమర్చడంలో లోపం" అని రాస్తే సరిపోతుంది, అందరి పరువూ దక్కుతుంది అన్నాడు. అమర్చింది ఎవరని అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా ఒక జవాబేనని ఇద్దరికీ తెలుసు.

జూన్ 2

బాబాయిని స్టోరుకి మార్చారు. గోనెసంచులు, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టే పని. పదవీ విరమణకి ఇంకా ఎనిమిది నెలలుంది.

జూన్ 3

రేపు పెద్దసారుతో మాట్లాడతాను.

జూన్ 4

పెద్దసారు ఊళ్ళో లేరు.

జూన్ 9

వచ్చారు. ఆయనకి జలుబు చేసింది, ఇవాళ వద్దనుకున్నాను.

జూన్ 10

స్టోరు ముందు నుంచి వెళ్ళడం మానేశాను. వెనక దారిన క్యాంటీన్ మీదుగా వెళ్తే ఇంకా దగ్గర. ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో.

జూన్ 18

పెద్దసారు చాలా ఉత్సాహంగా ఉన్నాడు. నా కొలతలన్నీ మళ్ళీ చూశాడట. బాబాయి కాగితం ప్రకారం తడి లెక్క సరిచేస్తే, ఎడమ వైపు పెట్టిన చుక్కలన్నీ కుడి వైపుకి వస్తాయి. గూని పూర్తవుతుంది. తడి పెరిగిన కొద్దీ ఊపిరి ఎలా పడిపోయిందో రోజు రోజుకీ, ఎదిగిన చెట్ల కింద. ఇలాంటి గీత ఎవరి దగ్గరా లేదు అన్నాడు.

"అనుకుని చేద్దామన్నా కుదరదమ్మా ఇది. కాపుకొచ్చిన తోటని ఇలా ముంచడానికి ఎవరిస్తారు చెప్పండి?"

మెచ్చుకుంటూనే అన్నాడు. ఆయనకి చెడ్డ ఉద్దేశం లేదు.

గదికి వచ్చి గీత గీసి చూశాను. నిజంగానే అందంగా ఉంది. ఎడమ పక్క మూడేళ్ళ నా మడులు. కుడి పక్క జారే జారుడంతా అక్క చెట్లు. ఏప్రిల్ 11, అక్క డ్రిప్పు గంట పెంచిన రోజు. ఏప్రిల్ 20, వాసన వస్తోందన్న రోజు. మే 3, బావ అడిగిన రోజు. ఒక్కో చుక్క దగ్గర ఎవరో ఒకరు నాకు చెబుతూనే ఉన్నారు.

సాయంత్రం అయిదింటిలోపు ఉత్తరం రాసిచ్చేశాను. మట్టి సరిచూడమని బాబాయి చెప్పాడు, నేను వద్దన్నాను, అమర్చడంలో లోపమేమీ లేదు. మూడు వాక్యాలు. ఇరవై మూడు రోజులు పట్టింది.

జూన్ 24

బాబాయిని పాత పనిలోకి తీసుకున్నారు. నామీద విచారణ ఉంటుందట, ఉండనీ.

స్టోరుకి వెళ్ళాను. అప్పజెప్పే ముందు డబ్బాలు సర్దుతున్నాడు. నేను చెప్పాలనుకున్నది చాలా ఉంది, నోట్లోంచి వచ్చింది సగం. మధ్యలోనే ఆపి, పర్వాలేదు మేడం అన్నాడు.

పన్నెండేళ్ళలో ఆయన నన్ను మేడం అనలేదు. అమ్మాయ్, తల్లీ, ఏమ్మా, ఇవే. కోపంగా కూడా అనలేదు, మర్యాదగా అన్నాడు. ఇంక మర్యాదే మిగిలింది.

బయటికి వస్తుంటే అడిగాడు, అక్కగారికి చెప్పారా మేడం అని.

జూలై 5

చెప్పాను.

వెళ్ళేసరికి అక్క వసారాలో కూర్చుని చిరిగిన గోనెసంచి కుడుతోంది. సగం తోట కొట్టేశారు. మోళ్ళ మధ్య నుంచి అవతలి రోడ్డు కనపడుతోంది. ఇదివరకు కనపడేది కాదు. పై గట్టు పక్కన, వాలు ఉండి నీరు నిలవని చోట, యాభై ఏడు చెట్లు బతికాయి.

అన్నీ చెప్పాను. మీటరు, ఓవెన్, దొరకని వారం, ఎడమ వైపు పెట్టిన చుక్కలు. అక్క కుట్టడం ఆపలేదు. నేను ఆగాక అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"తవ్విన రోజే తెలిసింది. రెండు రోజుల తర్వాత లెక్క కూడా తేలింది. మే పదిహేడు."

"మరి మందు పోయమన్నది?"

"పంతొమ్మిది."

సూది గోనెలో గుచ్చి వదిలేసింది.

"ఒక్కో పాదులో రెండు బకెట్లు కలిపి పోశానే. నేనూ మీ బావా మోశాం, మూడు రోజులు. ఆ నీళ్ళూ వాటి మీదేగా పడ్డాయి."

అవునన్నాను. కాలవలు తీసి నేల ఆరనిచ్చి ఉంటే కొన్ని కోలుకునేవని కూడా చెప్పాను. ఇప్పుడు చెప్పకుండా దాచడానికి ఏం మిగిలింది. ఎన్ని అని అడిగింది. తెలీదక్కా అన్నాను. అది నిజం. తెలుసుకునే దారి లేదు. ఆ నిజం ఎప్పటికీ నాతోనే ఉంటుంది.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"వాసన వస్తోందని నా ముక్కు చెప్పింది. తొమ్మిదేళ్ళు ఆ మట్టిలో తిరిగిన ముక్కు. దాని మాట కాదని నీ మాట విన్నాను. నువ్వు పెద్ద చదువు చదివావని కాదే. నా చెల్లెలివని."

బావ బడి నుంచి వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి సైకిలు గోడకి ఆనించి, లోపలికి వెళ్ళి ముగ్గురికీ టీ పెట్టాడు. లెక్క గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అడిగినప్పుడు నవ్వినదాన్ని నేను. ఆయన ఇప్పుడు నవ్వొచ్చు. నవ్వలేదు.

జూలై 6

అక్క ఊరి నుంచి వస్తూ బస్సులో లెక్కపెట్టాను. మే 17 నుంచి జూలై 5 వరకు నలభై తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో అక్క నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ, నువ్వు దిగులు పడకు, తెగులుకి నువ్వేం చేస్తావు అని నన్నే ఓదార్చింది.

ఓదార్పించుకున్నాను.

ఆగస్టు 13

విచారణ అయింది. ఒక ఏడాది పదోన్నతి ఆపారు. తక్కువే. ఎక్కువైనా చెట్లు లేచేవి కావు.

పెద్దసారు వ్యాసం పంపమని వెంటపడుతున్నాడు. ఈ గీత దాచిపెడితే ఇంకో రైతు ఇలాగే నష్టపోతాడన్నాడు. అందులో నిజముంది. నాకు పేరొస్తుందన్నది కూడా నిజమే. ఏ నిజం కోసం పంపుతున్నానో నాకు నేనే చెప్పుకోలేకపోయాను. అందుకని అక్కనే అడిగాను.

వేసుకో అంది. ఇంకొకళ్ళ తోట నిలబడుతుందంటే వేసుకో. నా పేరు మాత్రం పెట్టకు. కృతజ్ఞతలు అవీ రాస్తారటగా, అవీ వద్దు.

పంపాను. మీటరు తప్పు ఎలా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో మొదటి పేజీలోనే రాశాను. అది వెనక్కి నెట్టమని పెద్దసారు అన్నాడు. నెట్టలేదు.

సెప్టెంబరు 2

అక్కకి జ్వరమట. బావ చెప్పాడు. తనకి తనుగా ఫోన్ చేసి చాలా రోజులైంది.

అక్టోబరు 12

రెండు రోజులు అక్క దగ్గర ఉండి వచ్చాను. రమ్మని తనే పిలిచింది. బావకి కళ్ళ ఆపరేషన్, ఇంట్లో మనిషి కావాలంది.

బాగా చూసుకుంది. నాకిష్టమని బెల్లం వేసిన టీ పెట్టింది. నా జుట్టు ఊడుతోందని నూనె రాసింది. బావ కళ్ళకి గంతలతో మంచం మీద కూర్చుని, ఇప్పుడు మా ఆవిడ అందంగానే ఉందని ఊహించుకునే వీలు కుదిరింది అన్నాడు. ముగ్గురం నవ్వాం. అక్క నిజంగానే నవ్వింది.

చెట్లు కొట్టేసిన చోట కొత్త అంట్లు పెట్టింది, ఎనభై దాకా. ఈసారి వరసల మధ్య కాలవలు తవ్వించింది. నాతో చెప్పలేదు, వెళ్ళి చూశాకే తెలిసింది. కాలవల లోతు సరిగ్గా ఉంది. ఎవరు చెప్పారో అడగలేదు.

ఇవాళ పొద్దున తనతో తోటలోకి వెళ్ళాను. ఒక్కో పాదు దగ్గర కూర్చుని, వేలెడు లోతు గుచ్చి, మట్టి తీసి పిడికిట్లో నొక్కింది. వాసన చూసింది. విడిచిపెట్టి, తర్వాతి పాదు దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే నడిచాను. చాలా పాదులు ఎండు వైపుకి వచ్చాయి, చూస్తే తెలుస్తోంది. ఇవాళ కాకపోయినా రేపు పొద్దునకి నీళ్ళు పెట్టాలి. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది.

నన్ను అడుగుతుందేమోనని చివరి వరస దాకా చూశాను.

అక్క లేచి, చేతులు చీరకి తుడుచుకుని, గట్టు మీద పనిచేస్తున్న మనిషిని పిలిచి, రేపు పొద్దున ఒక గంట వదలమని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, బస్సు ఎన్నింటికే, అన్నం తిని వెళ్తావా అని అడిగింది.

తినే వచ్చాను. బస్సెక్కేదాకా నా ఉద్యోగం, నా మోకాళ్ళ నొప్పి, బావ కళ్ళు, ఎదురింటివాళ్ళ కోడలు, అన్నీ మాట్లాడుకున్నాం. ఒక్క నేల గురించి తప్ప.